అక్షర యాత్ర – 23: కొలువు పోయిన కుంచె

పోయిన భాగంలో లండన్‌లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ దగ్గర ఆగాం. అచ్చు వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటాక, అందరూ మరిచిపోయిన వెడల్పు పాళీని మళ్లీ చేతబట్టిన మనిషి. మధ్యయుగపు రాతప్రతులు చూసి చూసి, ఆ లేఖకుల చేతి కదలికను తనంతట తాను నేర్చుకున్నాడు. 1906లో ఆయన రాసిన పాఠ్యపుస్తకం చదివి ఇంగ్లండ్‌లో, జర్మనీలో ఒక తరం చేతిరాతను కళగా నేర్చుకుంది. అయితే జాన్‌స్టన్‌కి ఒక విషయంలో రాజీ లేదు. అక్షరం ఉన్నది చదవడానికి. అందం ఆ తర్వాతి మాట.

ఈ భాగం ఆ షరతును ప్రశ్నించిన వాళ్ల గురించి. ఆస్థానాల్లో, మఠాల్లో, కచేరీల్లో వందల ఏళ్లు కొలువు చేసిన చేతిరాతకి అచ్చు, టైపు మిషను, ఫౌంటెన్ పెన్ను ఒకదాని వెనక ఒకటి వచ్చి ఉద్వాసన పలికాయి. చదివించే పని యంత్రం చూసుకుంటుంటే చేతితో రాసిన అక్షరం ఇంకెందుకు? చదవడానికి వీల్లేకుండా రాసినా అది రాతేనా? ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న టోక్యోలో పుట్టింది, ఖార్టూమ్‌లో పుట్టింది, బీజింగ్‌లో పుట్టింది. ఒక్కోచోట ఒక్కో జవాబు వచ్చింది. ముందు జపాను సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవ అందరికంటే ముందు, పంతొమ్మిదో శతాబ్దంలోనే, రచ్చకెక్కింది అక్కడే.

1882 నాటి తగువు

మెయిజీ ప్రభుత్వం పడమటి దేశాల పద్ధతులన్నీ తెచ్చుకుంటున్న రోజులు. ఏది కళ, ఏది చేతిపని అన్న లెక్కలు కూడా యూరప్ నుంచే దిగుతున్నాయి. 1882లో కొయామా షోతారో అనే చిత్రకారుడు ఒక పత్రికలో రాతకళ అసలు కళే కాదని వాదిస్తూ వ్యాసం రాశాడు. ఆయన యూరప్ పద్ధతిలో తైలవర్ణ చిత్రాలు వేసేవాడు. ఆయన వాదన ప్రకారం అక్షరం మాటకి గుర్తు, అంతే. గుర్తును ఎంత సొగసుగా వేసినా అది బొమ్మతో, శిల్పంతో సమానం కాదు.

దానికి జవాబు రాసినవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పేరు ఒకకురా కకుజో. తర్వాతి కాలంలో కలకత్తా వచ్చి ఠాగూర్ కుటుంబంతో స్నేహం చేసిన ఒకకురా ఈయనే. తూర్పు దేశాల్లో రాసేవాడు అర్థం తెలిపి ఊరుకోడు, అక్షరం ఆకారాన్నీ, అక్షరాల మధ్య కూర్పునూ కూడా చూసుకుంటాడు, అందుకే అది కళ అన్నాడు.

వాదనలో ఎవరు నెగ్గారన్నది పక్కన పెడితే, వ్యవహారంలో నెగ్గింది కొయామానే. 1907లో ప్రభుత్వం ఏటేటా కళాప్రదర్శన పెట్టడం మొదలుపెట్టినప్పుడు చిత్రానికి చోటుంది, శిల్పానికి చోటుంది, రాతకి లేదు. ఆ తలుపు తెరుచుకోవడానికి 1948 దాకా పట్టింది. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడాక, 1947లో తెచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ప్రాథమిక బడి నుంచి కుంచెరాత తప్పించారు. బడిపిల్లల బల్ల మీద నుంచి కుంచె దిగిపోయిన మరుసటి ఏడాదే ప్రభుత్వ ప్రదర్శనశాల గోడకెక్కింది. పని పోయాకే పరువు దక్కిందన్నమాట.

సిరా, రాయి, కాగితం

ఆ కుంచె ఏం చేయగలదో చూడకుండా ముందుకు పోతే తర్వాతి కథ అర్థం కాదు. సిరా కడ్డీ అంటే నూనె దీపపు మసినో, పైన్ కట్టె మసినో జంతువుల తోలు నుంచి తీసిన జిగురుతో కలిపి అచ్చులో ఆరబెట్టినది. రాతి పలక మీద కాసిన్ని నీళ్లు వేసి, కడ్డీని నింపాదిగా నూరితే సిరా దిగుతుంది. ఎంత నూరితే అంత చిక్కన. కాగితం తడిని పీల్చే రకం. కుంచె ఒక్కచోట తచ్చాడితే సిరా పాకి మరకవుతుంది. తొందరపడితే వెంట్రుకలు విడిపోయి గీత మధ్యలో తెల్ల చారలు మిగులుతాయి. దిద్దుకోవడం ఉండదు, చెరుపుకోవడం ఉండదు.

దీనికి తోడు ప్రతి అక్షరంలో ఏ గీత ముందో, ఏ గీత వెనకో ఒక క్రమం ఉంది. అది బడికి వెళ్లిన ప్రతివాళ్లకీ తెలుసు. అందుకే అక్షరం తెలిసినవాడు దాని తుది రూపాన్ని మాత్రమే చూసి ఊరుకోడు. చెయ్యి ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఊపందుకుంది, ఎక్కడ సిరా అయిపోయి ఒట్టి కుంచె ఈడ్చుకుపోయింది, అంతా కళ్లతో వెంట నడిచి చూస్తాడు. ఎప్పుడో జరిగిపోయిన కదలిక కాగితం మీద మళ్లీ జరుగుతుంది.

మన తాళపత్రం తీరు వేరు. గంటంతో గీసేటప్పుడు అక్షరం సరిగా కనిపించనే కనిపించదు. తర్వాత మసి రుద్దితే గాట్లలో నల్లగా నిలుస్తుంది. ఇనుప మొన గీసే గీత మొదటి నుంచి చివరి దాకా ఒకటే సన్నం. చేతి వేగమూ తడీ ఒత్తిడీ గీతలో మిగిలే వీలు ఆ సాధనంలో లేదు. ముత్యాల్లాంటి దస్తూరీకి తెలుగువాళ్లు ఎప్పుడూ విలువిచ్చారు. కానీ గీత లావుసన్నాల మీద నడిచే కళ మన దగ్గర పెరగకపోవడానికి ఇదొక కారణం.

అక్షరాన్ని వదిలిన వాళ్లు

హిదాయ్ తెన్రాయ్ ఆధునిక జపాను రాతకళకి పితామహుడనిపించుకున్నవాడు. ఆయన కొడుకు నన్‌కోకు 1945లో మెరుపు అని అర్థమిచ్చే అక్షరం తాలూకు పురాతన రూపాన్ని తీసుకుని, గీతల్ని విడదీసి మళ్లీ మళ్లీ వేస్తూ పోయాడు. చివరికి చదవడానికి అక్షరం మిగల్లేదు, గీతలు మిగిలాయి. తండ్రి జీవితమంతా పాత శాసనాల అక్షరాలు సాధన చేసి నేర్పితే, కొడుకు అక్షరం లేని రాతకి తలుపు తీశాడు.

క్యోటోలో మొరితా షిర్యూ 1951లో ‘బొకుబీ’ అనే పత్రిక మొదలుపెట్టాడు. మొదటి సంచికలోనే న్యూయార్క్ చిత్రకారుడు ఫ్రాంజ్ క్లైన్ వేసిన నలుపు తెలుపు చిత్రాలు కనిపించాయి. వాటి ఫోటోలు శిల్పి ఇసాము నొగుచి ద్వారా చిత్రకారుడు హసెగవా సబురోకి చేరాయి, ఆయన వాటి మీద వ్యాసం రాశాడు. తెల్లటి కాన్వాసు మీద దూలాల్లాంటి నల్లటి గీతలు. అమెరికావాడు అక్షరం తెలియకుండానే మన దారికొచ్చాడే అని జపాను రాతగాళ్లు ఉబ్బిపోయారు. అక్షరంతో నిమిత్తం లేని కుంచెపనుల కోసం మొరితా పత్రికల్లో ప్రత్యేకంగా ఒక శీర్షికే నడిచింది. వాటిని ఎంచి పెట్టే బాధ్యత హసెగవాది. 1954లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ జపాను రాతకళ ప్రదర్శన పెట్టింది. మరుసటి ఏడాది బెల్జియం చిత్రకారుడు పియెర్ అలెషిన్స్కీ జపాను వచ్చి వీళ్ల పని మీద సినిమా తీశాడు.

ఈ చెలిమికి ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. తన మీద తూర్పు రాతకళ ప్రభావం ఉందంటే క్లైన్ ఒప్పుకోలేదు. రాతగాడు తెల్ల కాగితం మీద నల్లగా రాస్తాడు, తను నలుపుతో పాటు తెలుపునూ పూస్తానన్నాడు. ఆ మాట నిజమే. క్లైన్ తన నల్ల గీత మీద తెల్లరంగు వేసి దాన్ని సన్నం చేయగలడు, పక్కకి జరపగలడు. జపాను కాగితం మీద ఆ వెసులుబాటు లేదు. చూడటానికి ఒకేలా ఉన్నా రెండూ వేర్వేరు పనులు.

మరి అక్షరం వదిలేశాక రాతగాడికీ చిత్రకారుడికీ తేడా ఏమిటి? షినోదా తోకో లాంటి వాళ్లు ఆ తేడా గురించి పెద్దగా బెంగపడలేదు. ఆమె సిరా గీతల్నే అక్షరాల నుంచి విడిపించి చిత్రాలుగా వేసింది, 1956లో అమెరికా కూడా వెళ్లింది. 2021లో 107 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి ఆమె పేరు ప్రపంచమంతా తెలుసు. కానీ అందరికీ ఆ దారి నప్పలేదు.

వెళ్లి తిరిగొచ్చిన బడిపంతులు

ఇనోఉవె యూయిచి 1916లో పుట్టాడు. టోక్యోలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. 1945 మార్చి 10 తెల్లవారుజామున అమెరికా బాంబర్లు టోక్యో మీద నిప్పులు కురిపించినప్పుడు ఆయన యొకొకవా బడిలో ఉన్నాడు. కాంక్రీటు భవనం కదా అని చుట్టుపక్కల జనం అందులోకి పరుగెత్తుకొచ్చి తలదాచుకున్నారు. దాదాపు వెయ్యి మంది అక్కడే కాలిపోయారు. ఇనోఉవె స్పృహ తప్పి పడిపోయి, బతికి బయటపడ్డాడు.

1952 జనవరిలో ఇనోఉవె, మొరితా, మరో ముగ్గురు క్యోటోలోని ర్యోఆన్‌జి ఆలయంలో కూర్చుని ‘బొకుజిన్‌కాయ్’ అనే సంఘం పెట్టుకున్నారు. గురువు ఉఎదా సోక్యూ బృందం నుంచి బయటికొచ్చేశారు. గురువు దస్తూరీని ఏళ్ల తరబడి అనుకరించి, ఆయన చేతి మీదుగా పేరూ శిష్యులనూ సంపాదించుకునే లోకంలో అది చిన్న నిర్ణయం కాదు.

1955లో ఇనోఉవె తెగించాడు. సిరా పక్కనపెట్టి ఎనామెల్ రంగు పట్టాడు. చీపురులాంటి కుంచెతో, అక్షరమన్నది లేకుండా, ఒంటి బలమంతా పెట్టి గీతలు గీశాడు. చూసినవాళ్లు అచ్చం నవీన చిత్రకళ అన్నారు. కొన్నాళ్లకే ఆయన అది ఆపేసి మళ్లీ అక్షరం దగ్గరికి వచ్చాడు. 1956లో రెండక్షరాల ‘గుతెత్సు’ రాశాడు. మొండి, మొద్దు, బండబారిన గీతలు. 1957లో అది బ్రెజిల్‌లోని సావ్ పావ్లో ద్వైవార్షిక ప్రదర్శనకి వెళ్లింది.

ఎందుకు తిరిగొచ్చాడు? ఆయన తర్వాతి ముప్పై ఏళ్ల పని చూస్తే నాకు తోచే జవాబు ఒకటుంది. అడ్డూ ఆపూ లేని గీతలో చెయ్యి ఎంత తెగించినా చూసేవాడికి తెలిసే వీల్లేదు. ఆ చెయ్యి మామూలుగా ఎటు పోవాలో తెలిస్తే కదా, ఎటు తప్పిందో తెలిసేది! రాగం తెలిసినవాడికే గాయకుడు ఎక్కడ సాహసం చేశాడో పట్టుబడుతుంది. అక్షరం ఆ పని చేస్తుంది. పేదరికం అని అర్థమిచ్చే ఒక్క అక్షరాన్ని ఇనోఉవె 1970లలో మళ్లీ మళ్లీ రాశాడు. గీతల క్రమం ప్రతిసారీ అదే. ఒకసారి కాళ్లు బార్లా చాపి నడిచొచ్చే మనిషిలా, మరోసారి కూలబడిపోతున్నట్టు. అక్షరం మారదు కాబట్టే మనిషి మారడం కనబడుతుంది.

1976లో ఉద్యోగ విరమణ దాకా ఆయన బడిపంతులుగానే బతికాడు. 1978లో, ముప్పై మూడేళ్లు లోపల దాచుకున్న యొకొకవా రాత్రిని కాగితం మీద పెట్టాడు. నేలబారు నివేదికలాగా మొదలై, పోయినవాళ్ల గురించి చెబుతూ చెబుతూ అక్షరాలు కిక్కిరిసిపోతాయి. అది చదివి తీరవలసిన రాత. చదవడం వద్దనుకుని వెళ్లిన మనిషి జీవితంలో అతి ముఖ్యమైన పని అదే అయింది.

ఖార్టూమ్‌లో ఖాళీ ప్రదర్శన

ఇక సూడాన్. ఇబ్రహీం ఎల్ సలాహీ 1930లో ఒందుర్మాన్‌లో పుట్టాడు. తండ్రి ఇంట్లోనే ఖురాన్ బడి నడిపేవాడు. చెక్క పలకల మీద ఆయతులు రాసి, చుట్టూ అలంకారాలు గీయడం సలాహీకి చిన్నప్పుడే అలవాటైంది. తర్వాత లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదివి, యూరప్ చిత్రకళ ఒంటబట్టించుకుని 1957లో ఇంటికొచ్చి ప్రదర్శన పెట్టాడు. జనం రాలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ రాలేదు.

అప్పుడు బొమ్మలు మానేసి దేశం తిరిగాడు. సూడానీల ఇళ్లలో గోడల మీద ఏముందో చూశాడు. ఖురాన్ వాక్యాలున్నాయి, అలంకారపు గీతలున్నాయి. తన బొమ్మల మూలల్లో తపాలా బిళ్లంత అరబ్బీ రాత చేర్చడం మొదలుపెట్టాడు. అప్పుడు చూసేవాళ్లు దగ్గరికి వచ్చారు. క్రమంగా ఆ రాతను పెద్దది చేశాడు, తర్వాత ముక్కలు చేశాడు. అక్షరాన్ని విరగ్గొడితే లోపలి నుంచి పక్షులు, జంతువులు, మనుషుల ముఖాలు బయటికొచ్చాయని ఆయన చెప్పుకున్నాడు. 2013లో లండన్ టేట్ మోడర్న్ ఆయన జీవితకాలపు పనిని ప్రదర్శనకి పెట్టింది.

అరబ్బీ ప్రపంచంలో ఈ దారి తొక్కింది ఆయనొక్కడే కాదు. ఇరాకీ చిత్రకారిణి మదీహా ఉమర్ 1949లోనే వాషింగ్టన్‌లో అరబ్బీ అక్షరాల నైరూప్య చిత్రాలు ప్రదర్శించింది. బాగ్దాద్‌లో షాకిర్ హసన్ అల్ సయీద్ 1971లో అక్షరమే ఆధారంగా ఒక చిత్రకారుల బృందాన్ని నిలబెట్టాడు. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాల చిత్రకారులకి యూరప్ దగ్గర అప్పు తెచ్చుకోనవసరం లేని గీత ఒకటి కావలసివచ్చింది. అది బడిపలక మీద ఎప్పటి నుంచో ఉంది.

ఎవరూ చదవలేని పుస్తకం

చైనాలో షూ బింగ్ మాత్రం కుంచె కాదు, ఉలి పట్టాడు. 1955లో పుట్టినవాడు. ఆ తరం బడికి వెళ్తుండగానే ప్రభుత్వం అక్షరాల రూపాలు సులభతరం చేస్తూ వచ్చింది. నిన్న నేర్చుకున్నది ఇవాళ మర్చిపోవాలి. సాంస్కృతిక విప్లవం రోజుల్లో పెద్దక్షరాల గోడపత్రాలే మనిషి తలరాత మార్చేసేవి. అక్షరం ఎంత నమ్మకస్తురాలో ఆ తరానికి బాగా తెలుసు.

1987లో మొదలుపెట్టి ఆయన దాదాపు 4,000 అక్షరాలు కర్రదిమ్మల మీద ఒక్కొక్కటిగా చెక్కాడు. ఒక్కటీ నిజమైన చైనా అక్షరం కాదు, అన్నీ కల్పితాలే. పాత పద్ధతిలో అచ్చువేసి, దారంతో కుట్టి, నాలుగు సంపుటాల పుస్తకం చేశాడు. 1988 అక్టోబర్‌లో బీజింగ్‌లోని జాతీయ కళాభవనంలో దాన్ని పరిచినప్పుడు చదువుకున్న పెద్దలు ఒక్క అక్షరమైనా దొరక్కపోతుందా అని పుటలు వెతికారు. ఆ ‘ఆకాశ గ్రంథం’ మీద విమర్శలు చెలరేగాయి. విదేశీయుడు చూస్తే అది అందమైన చైనా పుస్తకం, అంతే. చైనా అక్షరాలు తెలిసినవాడికే అది దెబ్బ.

చియు జిజియె 1990లో ఇంకో సాధన మొదలుపెట్టాడు. క్రీ.శ. 353లో వాంగ్ షిజి రాసిన ‘ఆర్కిడ్ మండప’ పీఠిక చైనా రాతకళలో మేరువు. ప్రతి విద్యార్థీ దాన్ని చూసి రాయాల్సిందే. చియు కూడా వెయ్యిసార్లు రాయడానికి కూర్చున్నాడు, కానీ ఒకే కాగితం మీద. కొన్ని పదులసార్లు రాసేసరికి కాగితం కటిక నలుపు. ఆ నలుపు మీద నల్లటి సిరాతోనే 1995 దాకా రాస్తూ పోయాడు. అక్షరం కంటికి కనబడదు, చేతికి మాత్రం క్రమం తప్పదు.

ఇస్తాంబుల్ జవాబు

ఇంతమంది అక్షరాన్ని విడగొడుతుంటే, ముక్క కూడా చెదరనివ్వనివాళ్లు టర్కీలో ఉన్నారు. 1928 నవంబర్‌లో టర్కీ ప్రభుత్వం అరబ్బీ లిపి తీసేసి లాటిన్ లిపి తెచ్చింది. లేఖకుల కొలువులు ఒక్క చట్టంతో పోయాయి. హామిద్ అయ్‌తాచ్ ఇస్తాంబుల్‌లో ముద్రణ పనులు చేసుకుంటూ, మసీదులకి శాసనాలు రాస్తూ, 1982లో పోయేదాకా విద్యను చేజారనివ్వలేదు. ఆయన శిష్యుడు హసన్ చెలెబి. చెలెబి శిష్యుల్లో ఒకడు కాలిఫోర్నియాలో పుట్టిన మొహమ్మద్ జకరియా. 1988లో యోగ్యతాపత్రం అందుకున్నాడు. 2001లో అమెరికా తపాలాశాఖ విడుదల చేసిన ఈద్ బిళ్ల మీది అక్షరాలు ఆయనవే.

వీళ్ల బల్ల మీద సామగ్రి జపానుకి ఎదురు. రెల్లు కలం. కాగితానికి గుడ్డు తెల్లసొన, పటిక పట్టించి నున్నగా మెరుగుపెడతారు. సిరా లోపలికి ఇంకదు. తప్పు వస్తే తడివేలితో తుడవొచ్చు, కత్తిమొనతో గీకొచ్చు. అక్షరం ఎత్తూ వెడల్పూ కలం చేసే చుక్కతో కొలుస్తారు. తొలి యత్నంలో పడ్డ గీతకి జపానులో విలువ. పరిపూర్ణమయ్యేదాకా దిద్దిన గీతకి ఇస్తాంబుల్‌లో విలువ.

పారిస్‌లో పుట్టిన ట్యునీషియా సంతతి కళాకారుడు ఎల్ సీద్ 2016లో కైరోలో చేసిన పని ఈ రెండు దారులకీ మధ్యన నిలుస్తుంది. చెత్త ఏరి బతికే కుటుంబాలుండే మన్షియత్ నాసర్ పేటలో దాదాపు 50 ఇళ్ల గోడల మీద అరబ్బీ రాత వేశాడు. వీధిలో నిలబడితే ఒక్కో గోడ మీద నారింజ, తెలుపు, నీలం వంపులే. పక్కనున్న మొకత్తమ్ కొండెక్కి సరైనచోట నిలబడితేనే ముక్కలన్నీ కలిసి అక్షరాలవుతాయి.

2024 నవంబర్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ముఖ్యశాలలో తైవాన్‌కి చెందిన టోంగ్ యాంగ్‌జె కుంచెరాతలు రెండు వేలాడదీశారు. ఆ హాల్లో నడిచినవాళ్లలో అవి చదవగలిగినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు గీతల బలాన్ని చూసి ముగ్ధులై ఉంటారు, అది తప్పేమీ కాదు. కానీ వాళ్లు చూసింది సగమే. చెయ్యి ఏ దారి వదిలి ఏ దారి పట్టిందో తెలియాలంటే ఆ లిపి గీతల క్రమమైనా నేర్చుకోవాలి. ప్రపంచ మ్యూజియంలు ఈ రాతల్ని నైరూప్య చిత్రాల పక్కన వేలాడదీసి గౌరవించామనుకుంటాయి. ఇనోఉవె అయితే ఆ గౌరవం పుచ్చుకుని, వెంటనే తిరిగి తన అక్షరం దగ్గరికి వెళ్లిపోయాడు.

వచ్చే భాగంలో లాహోర్ మీదుగా సొంతగడ్డకి వద్దాం. 1981లో లాహోర్ ‘జంగ్’ పత్రిక, ఉర్దూ రాసే నస్తాలిఖ్ శైలి అక్షరాలను కంప్యూటర్ మీద కూర్చి వెలువడింది. ఆ తర్వాత ఉర్దూ పత్రికల్లో చేత్తో రాసే కాతిబుల కొలువులు ఏమయ్యాయో, హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికల అక్షరాలు ఎవరి చేతికి వచ్చాయో చూద్దాం.